మనిషిది తప్పా, సీటుది తప్పా?

కరణాల కాలం ఎరిగిన పెద్దలకు విశ్వవిద్యాలయం ఆఫీసు సంగతి ప్రత్యేకించి చెప్పనక్కరలేదు. ఒకప్పుడు పొలం ఎవరి స్వాధీనంలో ఉన్నదో తేల్చే అడంగల్ ఊళ్లో ఒకే ఒక్కరి ఇంట్లో, ఆయన పెట్టెలో ఉండేది. నేడు బిడ్డ డిగ్రీ పాసయినట్లు తేల్చే కాగితం ఎక్కడో పట్నంలో ఒక గుమస్తా బల్లమీద ఉంటుంది. అప్పుడు రైతు కరణం గారి అరుగు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు రైతు కొడుకు ఆ బల్ల ముందు నిలబడుతున్నాడు. కాలం మారింది, కాగితం మారింది. నిలబడడం మాత్రం మారలేదు.

విశ్వవిద్యాలయాల్లో మార్కులు దిద్దారనో, సర్టిఫికెట్టుకు చేయి చాచారనో, విద్యార్థినితో అసభ్యంగా ప్రవర్తించారనో వార్త వచ్చినప్పుడల్లా వినిపించే మాట ఒకటే: ఆ ఉద్యోగిని సస్పెండ్ చేయాలి. తప్పు చేసినవారికి శిక్ష పడవలసిందే, అందులో రెండో మాట లేదు. అయితే ఆయన పోయి మరొకాయన వచ్చి అదే సీట్లో కూర్చుంటాడు. ఏడాది తిరగకుండానే అదే ఫిర్యాదు మళ్లీ వస్తుంది. అటువంటప్పుడు తప్పు మనిషిలో ఉన్నదా, ఆ సీటును ఏర్పరచిన తీరులో ఉన్నదా అని ఆలోచించవలసి ఉంటుంది.

దూరమే మొదటి లంచం

మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలకు ఈ ప్రశ్న మరింత ముఖ్యమైనది. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేవరకు ఈ రెండు తాలూకాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ రోజుల్లో ఇక్కడి పిల్లలు తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం వైపు చూసేవారు. 1976లో నాగార్జున విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత గుంటూరు దారి పట్టారు. తదుపరి ఒంగోలులోనే ఆంధ్రకేసరి విశ్వవిద్యాలయం వెలిసింది. దారి దగ్గరయిన మాట నిజమే గాని, మార్కాపురం నుంచి ఒంగోలు ఇప్పటికీ సుమారు 100 కిలోమీటర్లు. గిద్దలూరు, కొమరోలు, రాచర్ల, అర్ధవీడు, పుల్లలచెరువు వైపు పల్లెలకు ఇంకా దూరం.

ఒంగోలులో ఉన్న విద్యార్థిని "రేపు రా" అంటే రేపు వస్తాడు. నల్లమల అంచున ఉన్న పల్లె పిల్లవాడిని "రేపు రా" అంటే ఒక రోజు కూలి, రానుపోను బస్సు చార్జీ, హోటలు భోజనం పోయినట్లే. ఉద్యోగానికి ఒరిజినల్ సర్టిఫికెట్టు చూపవలసిన గడువు ఎదుట ఉంటే ఆ ఒక్క మాటకే గుండె జారిపోతుంది. రెండోసారి రాలేనివాడు మొదటిసారే ఏదో ఒకటి చేతిలో పెట్టి పని ముగించుకోవాలని చూస్తాడు. ఇక్కడ గుమస్తా నోరు తెరిచి అడగనక్కరలేదు, ఆలస్యం చేసే అధికారం చేతిలో ఉంటే చాలు. "రేపు రా" అనే మాటకు వెల ఉన్నంతకాలం ఆ సీట్లో ఎంతటి మంచివాడిని కూర్చోబెట్టినా ఆశ పక్కనే కాచుకుని ఉంటుంది.

కరణీకం చెప్పిన పాఠం

మన ఊళ్లలో ఇటువంటి సీటు ఎలా నడిచిందో, ఎలా ముగిసిందో తెలుసుకుంటే చాలా సంగతులు విశదమవుతాయి. అడంగల్, 10(1) ఖాతా వంటి రికార్డులు వ్రాసేది కరణం, దాచేది కరణం, నకలు ఇచ్చేదీ కరణమే. వ్రాసినది సరిగా ఉన్నదో లేదో మరొకరు చూడాలంటే ఆయన దగ్గరకే రావాలి. జీతం చూస్తే స్వల్పం. ప్రభుత్వ లెక్కల్లో అది పూర్తికాలపు ఉద్యోగం కూడా కాదు. పెద్ద అధికారం, చిన్న జీతం, చూసేవారు లేకపోవడం అనే మూడూ ఒకేచోట కలిశాయి. ధర్మబుద్ధితో పనిచేసిన కరణాలు లేకపోలేదు. కాని ఊరు బాగుపడడం కరణం మంచితనంపై ఆధారపడి ఉండడమే ఆ ఏర్పాటులోని లోపం.

వంశపారంపర్యంగా గ్రామోద్యోగాలు ఇవ్వడం రాజ్యాంగానికి విరుద్ధమని 1960 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. గాజుల దశరథరామారావు కేసుగా ప్రసిద్ధికెక్కిన ఆ వ్యాజ్యం ఆంధ్రప్రదేశ్‌లోని ఒక గ్రామ మునసబు పదవికి సంబంధించినదే. ఆ తీర్పు సీట్లోకి ఎవరు రావాలనే నియమాన్ని మార్చింది గాని సీటును మార్చలేదు. కొత్తగా వచ్చినవారి చేతిలోనూ అదే పెట్టె, అవే తాళాలు. చివరకు 1984 జనవరిలో ఎన్.టి.రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సు ద్వారా గ్రామోద్యోగాలనే రద్దు చేసింది. మరుసటి సంవత్సరం సుప్రీంకోర్టు కూడా ఆ రద్దును సమర్థించింది.

అంతటితో కథ ముగిసిందా అంటే లేదు. గ్రామ సహాయకులు వచ్చారు, గ్రామ పరిపాలనాధికారులు వచ్చారు, పంచాయతీ కార్యదర్శులు, వి.ఆర్.ఓ.లు వచ్చారు. పేరు మారిన ప్రతిసారీ కొంత మేలు జరిగింది, కొన్ని ఫిర్యాదులు కొత్త పేరుతో తిరిగి వచ్చాయి. 2020 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం వి.ఆర్.ఓ. వ్యవస్థనే తీసివేసింది. మన వైపు రైతుకు నిజంగా ఊరట ఇచ్చినది పేరు మార్పు కాదు. అడంగల్, 1-బి కంప్యూటరులోకి ఎక్కి, ఎవరైనా మీసేవలో గాని చేతిఫోనులో గాని చూసుకునే వీలు కలగడమే. పెట్టె మూత తెరుచుకున్న తరువాత "కాగితం కనపడలేదు" అనే మాటకు బలం తగ్గింది.

లెక్కగా చెప్పిన పండితుడు

ఇదే సంగతిని రాబర్ట్ క్లిట్‌గార్డ్ అనే అమెరికన్ ఆర్థికవేత్త 1988లో ప్రచురించిన గ్రంథంలో లెక్క రూపంలో చెప్పాడు. గుత్తాధికారానికి ఇష్టానుసారం నిర్ణయించే స్వేచ్ఛను కలిపి, అందులోంచి జవాబుదారీతనాన్ని తీసివేస్తే మిగిలేది అవినీతి అని ఆయన సూత్రం. పని ఒక్కరి దగ్గరే జరగాలి, చేయడం మానడం ఆయన ఇష్టం, ఎందుకు చేయలేదని అడిగేవారు లేరు. ఈ మూడూ ఉన్నచోట పేరు కరణమైనా, సూపరింటెండెంటైనా, ప్రొఫెసరైనా ఫలితం ఒకటే.

దీనికి రెండో వైపు కూడా ఉన్నది. మనిషికి పనిమీద ప్రీతి ఎప్పుడు కలుగుతుందో హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే మరో ఇద్దరు అమెరికన్లు 1970లలో పరిశీలించారు. పనిలో వైవిధ్యం ఉండాలి. మొదటినుంచి చివరివరకు తన చేతిమీదుగా ఒక పూర్తి పని జరగాలి. ఆ పని వల్ల ఎవరికో మేలు కలుగుతున్నదని తెలియాలి. కొంత స్వేచ్ఛ ఉండాలి. పని బాగా జరిగిందో లేదో ఎప్పటికప్పుడు తెలియాలి. ఈ ఐదూ ఉంటే మనిషి మనసుపెట్టి పనిచేస్తాడని వారు చెప్పారు.

ఒకరు స్వేచ్ఛ ప్రమాదమంటున్నారు, మరొకరు స్వేచ్ఛ అవసరమంటున్నారు. పైకి విరుద్ధంగా కనిపించినా ఇందులో వైరుధ్యం లేదు. పని ఎలా చేయాలన్నదానిలో ఉద్యోగికి స్వేచ్ఛ ఉండాలి. ఎవరి పని ముందు చేయాలి, ఎవరిది ఆపాలి అన్నదానిలో ఉండకూడదు. కంభం చెరువు వంటి పెద్ద చెరువు కింద నీళ్లు వదిలే మనిషికి తూము ఎలా ఎత్తాలో ఎవరూ నేర్పనక్కరలేదు. కాని ఏ కాలువకు ఎన్ని గంటలో ముందుగా నిర్ణయం జరిగి, అందరికీ తెలిసి ఉండాలి. లేకపోతే రాత్రికి రాత్రి తూము ఎటు తిరిగిందో తెల్లవారితే గాని తెలియదు.

అమెరికాలో 18 ఏళ్లు

పెద్ద విశ్వవిద్యాలయాలు ఈ లోపానికి అతీతం కావు. అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం చాపెల్‌హిల్ ప్రాంగణంలో 1993 నుంచి 2011 వరకు, అంటే 18 ఏళ్లపాటు, ఒక శాఖలో పాఠం జరగని క్లాసులు నడిచాయి. విద్యార్థి ఒక వ్యాసం వ్రాసి ఇస్తే మంచి గ్రేడు వచ్చేది. 2014లో వెలువడిన విచారణ నివేదిక ప్రకారం 3,100 మందికి పైగా విద్యార్థులు ఇటువంటి క్లాసులు తీసుకున్నారు. గ్రేడులు వేసినవారిలో ముఖ్యులు అధ్యాపకులు కారు, ఆ శాఖ ఆఫీసును చూసే ఉద్యోగిని.

ఆమె ఆ పని మొదలుపెట్టింది డబ్బుకు కాదని, చదువులో వెనకబడిన పిల్లలపై, ముఖ్యంగా క్రీడాకారులపై, జాలితోనని ఆ నివేదిక చెప్పడం గమనార్హం. ఆమెను చెడ్డ మనిషి అని కొట్టివేయడానికి వీలులేదు. కాని విద్యార్థిని నమోదు చేయడం, వ్యాసం తీసుకోవడం, గ్రేడు వేయడం అన్నీ ఒకే బల్లమీద జరిగాయి. శాఖాధిపతి పట్టించుకోలేదు, పైవారు అడగలేదు. అదుపులేని సీట్లో జాలి కూడా అక్రమంగా మారుతుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కరలేదు.

మన తెలుగు గడ్డమీద మరో నిదర్శనం ఉన్నది. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో 2023 మార్చిలో ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడింది. కాన్ఫిడెన్షియల్ విభాగంలోని కంప్యూటరు నుంచి ప్రశ్నపత్రాలు బయటకు వెళ్లాయని, ఇందులో కమిషన్‌లో పనిచేసేవారే ఉన్నారని దర్యాప్తు జరిపిన పోలీసులు ఆరోపించారు. నిందితుల్లో కంప్యూటర్ల నెట్‌వర్కు చూసే ఉద్యోగి ఒకరు. 2022 అక్టోబరులో రెండున్నర లక్షల మందికి పైగా వ్రాసిన గ్రూప్-1 ప్రిలిమినరీ పరీక్ష రద్దయింది. పగలంతా కూలి చేసి రాత్రి చదివినవారి శ్రమ కూడా అందులో కొట్టుకుపోయింది. పబ్లిక్ పరీక్షల్లో అక్రమాలను శిక్షించడానికి ఉమ్మడి రాష్ట్రం 1997లోనే ప్రత్యేక చట్టం చేసింది. చట్టం మనిషిని శిక్షించగలదు, తాళంచెవి ఎంతమంది చేతుల్లో ఎలా తిరుగుతున్నదో చట్టం చూడలేదు. అది ఆఫీసు నడిపేవారు చూసుకోవాలి.

మరీ ముక్కలు చేసినా ముప్పే

అయితే పనిని పదిమందికి పంచితే సరిపోతుందనుకోవడం కూడా పొరపాటే. పదిమంది ఉన్నచోట పాము చావదని సామెత. ఒకరు దరఖాస్తు తీసుకుంటారు, ఒకరు నంబరు వేస్తారు, ఒకరు మార్కులు సరిచూస్తారు, ఒకరు సంతకానికి పెడతారు, ఒకరు ముద్ర వేస్తారు. ఎవరిని అడిగినా "నా సీటు కాదు" అంటారు. ఏళ్ల తరబడి ముద్ర వేయడమే పనిగా ఉన్నవానికి ఆ కాగితం ఒక పలక కార్మికుని కూతురి జీవితమన్న స్పృహ ఎలా కలుగుతుంది? హాక్‌మన్, ఓల్డ్‌హామ్ చెప్పిన ఐదింటిలో ఒక్కటీ ఆ సీట్లో లేదు. అక్కడ లంచంకంటే ముందు విసుగు పుడుతుంది, విసుగు నుంచి కసురుకోవడం, దాని నుంచి నిర్లక్ష్యం వస్తాయి.

మార్కాపురం పలకల పరిశ్రమలో పనులు పంచి ఉండడం ఇక్కడివారికి తెలియనిది కాదు. రాయి చీల్చేది ఒకరు, కొలతకు కోసేది ఒకరు, చెక్క చట్రం బిగించేది మరొకరు. అయినా పని చెడకపోవడానికి కారణం, ఒకరి పని తరువాతివారి చేతిలో వెంటనే పరీక్షకు వస్తుంది. పగిలిన రాయికి చట్రం బిగించరు. విశ్వవిద్యాలయం ఆఫీసులోనూ పని పంచినప్పుడు ఒకరి తప్పు మరొకరికి కనపడేటట్లు పంచాలి. మొత్తం కాగితానికి మాత్రం ఒక్కరు జవాబుదారీగా ఉండాలి.

దీనికి తోడు కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ పద్ధతి ఒకటి. రేపు ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియనివారికి లక్షలాది మంది మార్కుల తాళాలు అప్పగిస్తున్నారు. పనిభారం ఎక్కువై, బాధ్యత ఏదో స్పష్టంగా లేక, తనకు అన్యాయం జరుగుతున్నదన్న భావన ఉన్నచోట ఉద్యోగులు దారితప్పడం ఎక్కువని అనేక పరిశోధనలు చెప్పాయి. తోటి ఉద్యోగులను వేధించడం, అవమానించడం కూడా ఈ కోవలోకే వస్తుంది. బాధితుని స్వభావం కంటే, పనిని సరిగా ఏర్పాటు చేయకపోవడమే ఇటువంటి వేధింపులకు మూలమని స్వీడన్‌లో పరిశోధన చేసిన హైన్జ్ లేమన్ వాదించాడు. అంతమాత్రాన చేసిన తప్పు ఒప్పు కాదు. పేదరికంలోనూ నిజాయితీగా ఉన్నవారే ఎక్కువమంది. కాని నిజాయితీకి రోజూ పరీక్ష పెట్టే ఏర్పాటు మంచి ఏర్పాటు కాదు.

ఒక్కరి చేతిలో ఒకరి భవిష్యత్తు

పరిశోధన చేసే విద్యార్థుల పరిస్థితి ఇంకా సున్నితమైనది. పిహెచ్.డి.లో గైడు ఒక్కరే. విషయం ఒప్పుకోవలసినది ఆయన, హాజరు, ప్రగతి నివేదిక ఆయన సంతకంతో కదలాలి, సిద్ధాంత వ్యాసం సమర్పించడానికి అనుమతి ఆయనే ఇవ్వాలి. మంచి గురువు దొరికితే అదృష్టం, లేకుంటే ఏళ్లు గడిచిపోతాయి. ఇంటిపనులు చేయించుకోవడం మొదలు లైంగిక వేధింపుల వరకు ఫిర్యాదులు దేశంలో పలుచోట్ల వచ్చాయంటే, ఒక్కరి చేతిలో ఇంత అధికారం పెట్టడమే దానికి ఒక కారణం. పల్లెనుంచి పట్నం వెళ్లి హాస్టల్లో ఉండే ఆడపిల్లకు ఇది ప్రాణసంకటం.

2013 చట్టం, 2015 యు.జి.సి. నిబంధనల ప్రకారం ప్రతి విశ్వవిద్యాలయంలో, కళాశాలలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అందులో సంస్థకు చెందని సభ్యులు కూడా ఉండాలి. సంఘటన జరిగిన మూడు నెలల్లోగా వ్రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే గడువు పెంచవచ్చు. ఇది జరిగిన తరువాత చేసే వైద్యం. జరగకముందు చేయవలసినది, ఒక్క గైడు చేతిలోనే అన్ని సంతకాలు లేకుండా చూడడం. ప్రగతిని ఒక కమిటీ చూడడం, కారణం చెప్పకుండానే గైడును మార్చుకునే వీలు ఉండడం వంటి ఏర్పాట్లు ఉంటే భయం సగం తగ్గుతుంది.

చేయదగిన పనులు

ఇందుకు కోట్ల రూపాయలు అక్కరలేదు. దరఖాస్తులు వచ్చిన వరుసలోనే పరిష్కారం కావాలి. వరుస తప్పితే ఎందుకు తప్పిందో వ్రాయాలి. జవాబుపత్రంపై విద్యార్థి నంబరు కనపడకుండా వేరే కోడు వేసే పద్ధతి ఉన్నచోట, కోడు వేసేవారు, దిద్దేవారు, మార్కులు ఎక్కించేవారు వేర్వేరుగా ఉండాలి. ఒకసారి ఎక్కిన మార్కు మార్చాలంటే ఇద్దరు అధికారుల అనుమతి, కంప్యూటరులో చెరగని గుర్తు ఉండాలి. పరీక్షల విభాగంలో ఏళ్ల తరబడి ఒకే సీట్లో ఎవరినీ ఉంచకూడదు. ఏ పనికి ఎన్ని రోజులో, ఎంత రుసుమో గోడమీద తెలుగులో వ్రాయాలి. అన్నిటికంటే ముఖ్యంగా, పల్లె విద్యార్థి తన కాలేజీలోనే దరఖాస్తు ఇచ్చి అక్కడే కాగితం అందుకునే వీలుండాలి. అప్పుడు "రేపు రా" అనే మాటకు వెల ఉండదు.

మంచి పని చేసిన గుమస్తాకు ఆ సంగతి తెలియజేయడం కూడా ఈ ఏర్పాటులో భాగమే. ఈ నెలలో ఇన్నివందల మందికి గడువులోగా సర్టిఫికెట్లు అందాయని ఆ సీటుకు తెలిస్తే, అది ముద్ర వేసే యంత్రం కాదని ఆ మనిషికి అనిపిస్తుంది.

తల్లిదండ్రులు కూడా ఊరకే కూర్చోనక్కరలేదు. దరఖాస్తు ఇచ్చినప్పుడు రసీదు తప్పక తీసుకోవాలి. గడువు దాటితే సమాచార హక్కు చట్టం కింద కాగితం ఏ సీటు దగ్గర, ఎన్ని రోజులుగా ఉన్నదని అడగవచ్చు. సాధారణంగా 30 రోజుల్లోగా జవాబివ్వాలి. తెల్లకార్డు వంటి దారిద్ర్యరేఖకు దిగువనున్నట్లు తెలిపే ఆధారం జతచేస్తే దరఖాస్తు రుసుము ఉండదు. దిద్దిన తన జవాబుపత్రాన్ని చూసే హక్కు విద్యార్థికి ఉన్నదని 2011 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ ప్రశ్న అడగడం ఎవరినో పట్టించడానికి మాత్రమే కాదు. అడిగేవారున్నారని తెలిసిన సీటు సక్రమంగా నడుస్తుంది.

గ్రామంలో పెట్టె మూత తెరవడానికి ఒక తరం పట్టింది. ఒంగోలు విశ్వవిద్యాలయం పాత అలవాట్లు బిగుసుకోని కొత్త సంస్థ. పడమటి పల్లెల పిల్లలు అక్కడికి అడుగుపెట్టే ఈ దశలోనే సీట్లను సరిగా అమర్చుకుంటే రేపు మనుషులను వెతికి శిక్షించే పని చాలావరకు తగ్గుతుంది. విశ్వవిద్యాలయ అధికారులు, పాలకమండలి, ప్రజాప్రతినిధులు ఈ విషయంలో శ్రద్ధ వహించవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.